ఇసుకతిన్నె మీద రెండో కుర్చీ

వునివతు గ్రామం,
సోమవారం

చిరంజీవి లితియానాకు,

వునివతు పెద్ద సెరెమైయా దీవించి రాస్తున్నది. ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం, నా మోకాలు తప్ప. నువ్వూ బాగానే ఉన్నావని ఎరోని చెప్పాడు. మీ హోటలుకి కూరగాయల పడవ నడుపుతాడు చూడు, వాడే. వాడికి తెలియని సంగతి ఈ సముద్రంలో లేదు.

కొత్త మేనేజరువి అయినందుకు చాలా సంతోషం. ఇన్నేళ్లలో మా దీవి మీద ఆ కుర్చీలో మన ఫిజీ పిల్ల కూర్చోవడం ఇదే మొదలు. నీకు ముందున్నాయన మంచివాడే కానీ, ఎప్పుడు చూసినా ఎండదెబ్బ తగిలినట్టుండేవాడు.

మీ హోటలున్న వతులైలై దీవి కౌలు పొడిగింపు కాగితం అందింది. మా వంశం తరఫున నేను సంతకం పెడితే మీ హోటలు ఇంకో తరం పాటు ఆ దీవి మీద ఉంటుంది, పెట్టకపోతే నెలాఖరుకి మూటాముల్లే సర్దుకోవాలి అని రాశావు. అర్థమయ్యేలా రాశావు. కళ్లజోడు పెట్టుకుని, పెన్ను మూత తీసేసరికి మా ఆవిడ మెరెసేని కేక వేసింది.

"ఏవయ్యోయ్, ఇటు రా! ఆ దీవి మీద ఎవర్నో వెలేశారు!"

మా ఆవిడ దగ్గర ఒక దుర్భిణీ ఉంది. పక్షుల్ని చూడటానికి వచ్చిన ఒక జర్మనీ ఆయన మరిచిపోయి వెళ్లాడు. నేనూ చూశాను. దీవి చివర ఇసుకతిన్నె మీద ఒక బల్ల, ఒకే ఒక్క కుర్చీ. మీ పనివాడు మూతపెట్టిన గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టి, గంట కొట్టి, వెనక్కి చూడకుండా పరుగెత్తాడు. అప్పుడు చెట్లలోంచి ఒక తెల్లాయన వచ్చి, ఒక్కడూ కూర్చుని తిన్నాడు. మేం పందులకి మేత పెట్టినా కాసేపు నిలబడి రెండు మాటలు మాట్లాడతాం.

"ఏం తప్పు చేశాడో పాపం" అంది మెరెసేని. ఆ పూట ఆవిడ గొంతులోకి కర్రపెండలం దిగలేదు.

నీకు తెలియనిది కాదు. మన ఊళ్లలో తింటున్నప్పుడు గుమ్మం ముందు ఎవరు పోతున్నా "రా, తిందాం" అని పిలుస్తాం. వచ్చింది పోలీసైనా సరే. మా ఊళ్లో ఒక మనిషిని ఒంటరిగా తిననిచ్చింది మా నాన్న కాలంలో ఒక్కసారే. లెపాని అనేవాడు చర్చి గంట ఊడదీసి ఓడవాళ్లకి అమ్మేశాడు. వాడికి కూడా పొద్దు వాలకముందే మా అమ్మ చేప పంపించింది.

కాబట్టి ఆ మనిషి చేసిన నేరం ఏమిటో తెలియజెయ్యి. మా తాతముత్తాతల దీవిని జైలుగా వాడతామంటే నేను సంతకం పెట్టలేను.

ఇట్లు,
నీ మేలు కోరే
సెరెమైయా

తా.క. నువ్వు ఏ ఊరి పిల్లవో, ఎవరి కూతురివో రాయలేదు. మరిచిపోయి ఉంటావు.

ఇంకో తా.క. బుట్టలో సీమపనసకాయలు పంపుతున్నాను. బుట్ట తిరిగి పంపు. ఖాళీగా పంపితే మా ఆవిడ దాన్ని కూడా ఒక ఉత్తరంలాగే చదువుతుంది.


వతులైలై విహార దీవి,
మేనేజరు కార్యాలయం,
మంగళవారం

గౌరవనీయులైన సెరెమైయా గారికి,

నమస్కారాలు. మీ ఉత్తరమూ సీమపనసకాయలూ అందినవి. సంస్థ తరఫున కృతజ్ఞతలు.

మీరు చూసిన వ్యక్తి నేరస్థులు కారు. వారి పేరు హెన్రిక్. డెన్మార్కు దేశస్థులు. ఏడో కుటీరంలో బస చేస్తున్న మా గౌరవ అతిథి. వారు ఎంచుకున్నది 'సంపూర్ణ ఏకాంతం' అనే ప్రత్యేక ఏర్పాటు. ఇందులో, ఉన్నన్నాళ్లూ అతిథికి మరో మనిషి ముఖం కనిపించకుండా చూసే బాధ్యత మాది. భోజనం పెట్టి, గంట కొట్టి, పనివాళ్లు తప్పుకునేది అందుకే. ఆ పరుగు మేం శిక్షణ ఇచ్చి నేర్పించినది. అతిథికి ఏదైనా అవసరమైతే చీటీ రాసి గుమ్మంలో కొబ్బరిచిప్ప కింద పెడతారు. మా దగ్గరున్న ఏర్పాట్లన్నిటిలోకీ ఇదే ఖరీదైనది. దీనికోసం ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. వచ్చి, ఒకరికొకరు కనిపించకుండా ఉండి వెళతారు.

సందేహం తీరిందని తలుస్తూ, కాగితం మీద సంతకం పెట్టి పంపమని కోరుతున్నాను. నెలాఖరుకి అది యజమానులకు చేరకపోతే దీవి మూతపడుతుంది. ఇక్కడ పనిచేసేవాళ్లలో సగం మంది మీ ఊరివాళ్లే. నాకు మేనేజరుగా ఇది మొదటి ఏడాది. ఇదే ఆఖరిది కూడా అవుతుంది.

ఇట్లు,
విధేయురాలు
లితియానా, మేనేజరు

తా.క. నేను సువా నుంచి వచ్చాను.

తా.క. బుట్టలో కేకు పెట్టి పంపుతున్నాను. మీ శ్రీమతి గారు దుర్భిణీని పక్షులకే పరిమితం చేయవలసిందిగా మనవి.


వునివతు,
బుధవారం

అమ్మా లితియానా,

నీ ఉత్తరం రాగానే చర్చి ముందు పదిమందినీ కూర్చోబెట్టి చదివి వినిపించాను. కేకు కూడా అప్పుడే పంచాం. కేకు బాగుంది. ఉత్తరం మాత్రం ఎవరికీ మింగుడుపడలేదు.

మాకు అర్థమైంది ఇదీ. ఆ హెన్రిక్ జరిమానా కట్టాడు. అందరికంటే పెద్ద జరిమానా అతనిదే. అంత కట్టినా మీరు అతన్ని క్షమించలేదు. పైగా ఎవరూ ముఖం చూపించకూడదని కట్టడి చేశారు. మా ఊరి తరఫున మాట్లాడే ఇలైసా నీకు తెలియడు కానీ మహా నెమ్మదస్తుడు. అలాంటివాడు కూడా లేచి "లెపానియే నయం, వాడు గంట అమ్ముకున్నాడు, డబ్బు వెనకేసుకున్నాడు. ఈయన ఎదురు డబ్బిచ్చి వెలి కొనుక్కున్నాడా? ఏ నోటితో ఒప్పుకున్నాడో అడగండి!" అన్నాడు.

హెన్రిక్ తనే కోరి ఒంటరిగా ఉన్నాడని రాశావు. ఈ పొద్దున అతను ఒక పీతతో చాలాసేపు మాట్లాడాడని మెరెసేని చెప్పింది. పీత వినలేదట.

అందుకని మా చర్చి ఆడవాళ్లు ఒక పని చేశారు, కోప్పడకు. ఎరోని పడవెక్కి ఇసుకతిన్నెకి కాస్త దూరంలో ఆగి, నాలుగు కీర్తనలు పాడారు. మీ కట్టడి మీరలేదు. అందరూ అటు తిరిగి నిలబడి పాడారు. అతనికి వీపులు తప్ప ఒక్క ముఖం కనిపించలేదు. ఎరోని కూడా అటు తిరిగే పడవ నడిపాడు. పడవ పగడపు దిబ్బకి కొట్టుకుంది అందుకే.

ఇక సంతకం సంగతి. నీ ఉద్యోగం పోవాలని నాకు లేదమ్మా. కానీ ఒక మనిషిని అలా కూర్చోబెట్టి, ఇక్కడ నేను తీరిగ్గా సంతకం పెడితే రేపు మా ఆవిడ నా కంచం కూడా ఇసుకతిన్నె మీదే పెడుతుంది.

ఇట్లు,
సెరెమైయా

తా.క. సువా అనేది సంత. అక్కడికి అందరూ వెళతారు, అక్కడి నుంచి ఎవరూ రారు. నీది ఏ ఊరు?

తా.క. మీ దీవిలో ఫోను పలకకుండా చెయ్యడానికి కూడా డబ్బు తీసుకుంటారటగా? మా ఊళ్లో ఊరికే పలకదు.

తా.క. ఎరోని చెప్పాడు, నువ్వు మధ్యాహ్నం ఎక్కడ తింటావో ఎవరూ చూడలేదని. ఎక్కడ తింటావు?


వతులైలై,
గురువారం

గౌరవనీయులైన సెరెమైయా గారికి,

నమస్కారాలు. కొన్ని విషయాలు మీ దృష్టికి తేవలసి వచ్చినందుకు చింతిస్తున్నాను.

ఒకటి. కీర్తనల గురించి ఏడో కుటీరం అతిథి కొబ్బరిచిప్ప కింద చీటీ పెట్టారు. "రేపు కూడా పాడతారా?" అని అందులో ఉంది. దీన్ని మేం ఫిర్యాదు కింద నమోదు చేశాం, ఎందుకంటే మెచ్చుకోలు కింద నమోదు చేస్తే రేపు కూడా పాడించాల్సి వస్తుంది.

అదలా ఉండగా, నిన్న సాయంత్రం ఎవరో అరిటాకులో కొబ్బరిపాల చేపకూర చుట్టి కుటీరం మెట్ల మీద పెట్టి వెళ్లారు. మా వంటగది పంపిన పెద్దరొయ్య ముట్టకుండా తిరిగి వచ్చింది. ఆకు మాత్రం కడిగినట్టు ఉంది. మా వంట పెద్ద మార్సెల్ గారు టోపీ తీసి బల్ల మీద పెట్టారు. వారి దేశంలో దాని అర్థం రాజీనామా అట. "పదకొండేళ్లు నేర్చుకున్నాను, ఆకులో చుట్టిన దానికి ఓడిపోడానికా?" అని అడుగుతున్నారు. వారిని బుజ్జగించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

అయ్యా, ఆయన నాకు ఏ అపకారమూ చెయ్యలేదు. నేను ఆయన్ని శిక్షించడం లేదు. దయచేసి సంతకం పెట్టండి. యజమానుల మనిషి సోమవారం దిగుతున్నాడు. కాగితం చూపించమంటే నేను చూపించగలిగింది సీమపనసకాయలు.

ఇట్లు,
విధేయురాలు
లితియానా

తా.క. మాది మోతులేవు దీవి, వైకురువా. తండ్రి పేరు కౌలు కాగితానికి అవసరం లేదు.

తా.క. నేను నా బల్ల దగ్గరే తింటాను. తలుపు వేసుకుని తింటాను. అది శిక్ష కాదు, పని ఒత్తిడి.


వునివతు,
గురువారం సాయంత్రం

అమ్మా,

ఎరోనిని వెంటనే వెనక్కి పంపుతున్నాను, విసుక్కుంటున్నాడు, వాడికి మంచినీళ్లు ఇప్పించు.

ఊరంతా కలిసి ఒక నిర్ణయానికి వచ్చాం. ఇన్ని ఉత్తరాలు రాసుకోవడం కంటే మన పద్ధతిలో తేల్చుకోవడం మేలు. రేపు శుక్రవారం మేం సోరోకి, అదే క్షమాపణ అడగడానికి, వస్తున్నాం. ఆ ఒంటరిగా కూర్చున్న మనిషి తరఫున, చాపలతో, తిమింగలం పన్నుతో వచ్చి నీ ముందు తల వంచుతాం. తప్పు చేసినవాడు తనంతట తాను వచ్చి నోరు తెరవలేడు కదా, ఎవరో ఒకరు మధ్యన నిలబడాలి. ఇలైసా మాట్లాడతాడు. నేను పక్కన కూర్చుంటాను, మోకాలు సహకరిస్తే.

నువ్వు కుర్చీలో కాకుండా చాప మీద కూర్చోవాలి. పన్ను రెండు చేతులా అందుకుని, నీ నోటితో 'క్షమించాను' అని చెప్పి, చప్పట్లు చరిస్తే అయిపోయినట్టే. ఒకసారి అందుకున్నాక ఆ తప్పు గురించి మళ్లీ ఎత్తకూడదు. పన్ను తిప్పి పంపితే మా అందరి ముఖం మీదా తలుపు వేసినట్టు. ఇవన్నీ నీకు చెప్పాలా, వైకురువా పిల్లవి.

వైకురువా అంటే గుర్తొచ్చింది, అక్కడి చర్చి పాటలవాళ్లు గట్టివాళ్లు. చేతిలో బెత్తం పట్టుకుని పాడించే ఒకాయన ఉండేవాడు. ఇప్పుడు ఉన్నాడో లేదో.

ఇట్లు,
సెరెమైయా

తా.క. పన్ను పాతదే, మంచిది. మాది కాదు. ఒకరి దగ్గర తీసుకున్నాం.

తా.క. ఆ మార్సెల్‌కి చెప్పు, కొబ్బరిపాలు పొయ్యి దింపాక పొయ్యాలి. ముందే పోస్తే విరిగిపోతాయి. ఇంత చిన్న సంగతికి ఎవరైనా టోపీ తీస్తారా?


వతులైలై,
శుక్రవారం

గౌరవనీయులైన సెరెమైయా గారికి,

ఈ రోజు జరిగినది రికార్డు కోసం రాస్తున్నాను.

మీ ఊరివాళ్లు చాపలు భుజాన వేసుకుని మా స్వాగత మందిరంలోంచి మోకాళ్ల మీద నడుచుకుంటూ లోపలికి వచ్చారు. అప్పుడే దిగిన అతిథులు అది తమ కోసం పెట్టిన స్వాగత కార్యక్రమం అనుకుని వాళ్లు కూడా మోకాళ్ల మీద నడిచారు. భార్యాభర్తలిద్దరు నా గదిదాకా వచ్చి, చివరిదాకా కూర్చుని, వెళ్లేటప్పుడు బహుమానం ఇవ్వబోయారు. మా లెక్కల గుమస్తా ఏడ్చాడు. ఎందుకని అడిగితే "తెలీదండీ, ఇలైసా గారి గొంతు అలాంటిది" అన్నాడు.

ఇలైసా గారు నిజంగానే బాగా మాట్లాడారు. "నలుగురి ముందూ అన్న మాట, వెనక్కి తీసుకోలేక తిండి సయించని మనిషి, నీ వాకిట కూర్చున్నాడమ్మా. నువ్వు పెద్ద మనసు చేసుకో" అన్నారు. అతిథి హెన్రిక్ గారు నలుగురి ముందు ఇంతవరకూ ఏ మాటా అనలేదని మనవి. నలుగురు లేకుండా ఉండటానికే వారు వచ్చారు. నాతో వారికి ఉన్న గొడవల్లా అదనపు తువ్వాళ్ల గురించి. అవి మేం ఇచ్చేశాం కూడా.

అయినా కాగితం అవసరం కనుక పన్ను అందుకున్నాను. "ఎవరు ఏమన్నా సరే, క్షమించాను, నా మనసులో ఏమీ పెట్టుకోను" అని పైకి అన్నాను. చప్పట్లు చరిచాను. మీరందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. అంతమంది అంతసేపు ఊపిరి బిగబట్టుకుని ఉన్నారని అప్పుడే తెలిసింది. చాప మీంచి లేవడం మరిచిపోయాను. పన్ను బరువుగా ఉంది, అదే కారణం అయి ఉంటుంది.

పన్ను ఇనప్పెట్టెలో పెట్టాను. ఇక సంతకం పంపండి.

ఇట్లు,
లితియానా

తా.క. ఆ పన్నుకి కట్టిన కొబ్బరినార తాడు మా వైపు వాళ్లు అల్లే రకంలా ఉంది. మీకు ఎవరిచ్చారు?


వునివతు,
శుక్రవారం సాయంత్రం

తల్లీ,

ఇవాళ నువ్వు చాప మీద కూర్చున్న తీరు చూసి మెరెసేని "ఎవరు పెంచారో గానీ, బాగా పెంచారు" అంది. నేను కళ్లజోడు తుడుచుకున్నాను.

సంతకం పంపుతాను. ఇంకొక్కటే మిగిలింది. సోరో అయ్యాక ఇద్దరూ కలిసి తినకపోతే అది సగమే. వండి దించిన కుండ మూత తియ్యకుండా వదిలేసినట్టు. అందుకని రేపు శనివారం పొద్దు వాలే వేళకి అదే ఇసుకతిన్నె మీద, అదే బల్ల వేయించు. కుర్చీలు మాత్రం రెండు వేయించు. ఒకటి నీది. రెండో దాంట్లో కూర్చోవాల్సిన మనిషిని నేను పంపుతాను. గంట వద్దు, పరుగెత్తే పనివాళ్లు వద్దు. తిండి మా ఊరి నుంచి వస్తుంది. గోతిపొయ్యిలో పొద్దుటే పెట్టిస్తున్నాను.

నువ్వు రా, తిను. కాగితం అక్కడే నీ చేతికి అందుతుంది. నా మాట.

ఇట్లు,
సెరెమైయా

తా.క. కొబ్బరినార ఎక్కడైనా కొబ్బరినారే.

తా.క. ఆ పేరు రాసిన బిళ్ల గుండెకి తగిలించుకుని రాకు. తినడానికి వచ్చేవాళ్ల పేరు మేం చదివి తెలుసుకోం.


వతులైలై,
శనివారం మధ్యాహ్నం

సెరెమైయా గారికి,

పలకరింపులకి టైము లేదు. హెన్రిక్ గారు కనిపించడం లేదు!

పొద్దున్న పెట్టిన ఫలహారం అలాగే ఉంది. గంట మూడుసార్లు కొట్టించాను. చివరికి నియమం పక్కన పెట్టి నేనే కుటీరం తలుపు తట్టాను. లోపల ఎవరూ లేరు. కొబ్బరిచిప్ప కింద చీటీ ఉంది. "పాడేవాళ్ల దగ్గరికి వెళుతున్నాను. పీత సంగతి చూసుకోండి" అని రాశారు. ఎరోని పడవ కూడా లేదు, ఇది మా హోటలు పడవలో పంపుతున్నాను.

అయ్యా, ఒక్క మనిషి ముఖం కనిపించనివ్వం అని మాటిచ్చి తెచ్చిన అతిథి ఇప్పుడు ఊరు ఊరంతటి మధ్యనా కూర్చుని ఉంటే, సోమవారం వచ్చే మనిషికి నేను ఏమని చెప్పాలి? ఏకాంతం తనే లేచి వెళ్లిపోయిందని చెప్పనా? ఆయన మీ ఇంట్లోనే ఉన్నారా? ఉంటే సాయంత్రం రెండో కుర్చీలోకి ఆయన్నే పంపుతారా? దయచేసి ఒక్క ముక్క రాయండి.

ఎలా ఉన్నా, చెప్పినట్టు బల్ల వేయిస్తున్నాను. రెండు కుర్చీలూ వేయిస్తున్నాను. కాగితం లేకుండా ఆ ఇసుకతిన్నె మీద నుంచి లేవను.

లితియానా

తా.క. మార్సెల్ గారు టోపీ మళ్లీ పెట్టుకున్నారు. కొబ్బరిపాలు దింపాకే పోశారట. మీకు చెప్పమన్నారు.

తా.క. పీత బాగానే ఉంది.


వునివతు,
శనివారం

తల్లీ లితియానా,

ఈ ఉత్తరం నీకు ఇసుకతిన్నె మీద అందుతుంది. ఎరోని చేతికిచ్చి, నువ్వు కుర్చీలో కూర్చున్నాకే ఇమ్మని చెప్పాను. ఎదురుగా ఒక మనిషి వచ్చి కూర్చోబోతాడు. అప్పుడే తల ఎత్తకు. ముందు ఇది చదువు.

ఇన్నేళ్లుగా దీవి కౌలుకి ఇచ్చినవాణ్ని. డబ్బిచ్చి మరీ ఒంటరిగా కూర్చునేవాళ్లని నేను చూడలేదనుకున్నావా? చూశాను. నవ్వుకున్నాను. ఒకటి రెండుసార్లు కుళ్లుకున్నాను కూడా, ఇంటినిండా చుట్టాలున్నప్పుడు. ఆ హెన్రిక్ శిక్షలో లేడని నాకు మొదటి రోజే తెలుసు.

నువ్వు ఈ ఉద్యోగంలో చేరావని తెలిసిన వారమే, సరుకుల ఓడ దిగి ఒకాయన మా ఇంటికి వచ్చాడు. చంకలో ఒక తిమింగలం పన్ను, కొత్తగా అల్లిన తాడుతో. వచ్చి మా అందరితో కూర్చుని యంగోనా వేరురసం తాగాడు. ఏమీ మాట్లాడలేదు. మర్నాడూ తాగాడు, మాట్లాడలేదు. పాటలు పాడించే మనిషి అంత మౌనంగా ఉండటం నేను ఎక్కడా చూడలేదు. మూడో నాడు మెరెసేని "ఏమయ్యా, మా యంగోనా అవగొట్టడానికి వచ్చావా, ఏదన్నా పనుండి వచ్చావా?" అని అడిగేసింది. ఆవిడ వంటింట్లోకి వెళ్లాక నా ఒక్కడి దగ్గరే బయటపడ్డాడు.

పాటల పోటీ వారమే నువ్వు హోటలు చదువుకి సువా వెళ్లిపోయావట. ఆయన మొత్తం పాటలవాళ్ల ముందు బెత్తం బల్లకేసి కొట్టి, "నాకు ఒక గొంతు తగ్గింది, ఒక కూతురు తగ్గింది" అన్నాడట. ఆ మాట అన్న మర్నాడు నుంచీ దాన్ని వెనక్కి తీసుకోవాలని చూస్తున్నాడట. పన్ను పట్టుకుని రెండుసార్లు సువా వెళ్లి, మీ హాస్టలు గేటు దగ్గర నిలబడి తిరిగి వెళ్లిపోయాడట. ఇది చెప్పి మా వసారాలో కూర్చుని ఏడ్చాడమ్మా, మీ నాన్న పెన్సియా అంతటివాడు. "మీరు తీసుకెళ్లండి సెరెమైయా, నేను పట్టుకెళితే అది తీసుకోదు. అంతా నా పోలికే" అన్నాడు.

నేను కూడా ఆలోచించాను. నీకు సూటిగా రాస్తే, 'తండ్రి పేరు కౌలు కాగితానికి అవసరం లేదు' అని జవాబు వస్తుంది. వచ్చింది కూడా, చూశావుగా. అందుకని ఆ డెన్మార్కాయన్ని అడ్డం పెట్టుకున్నాను. ఇలైసా నీ ముందు చెప్పిన దాంట్లో ఒక్క అబద్ధం లేదు. నలుగురి ముందు మాటన్నది మీ నాన్న. తిండి సయించనిది మీ నాన్నకి. నీ వాకిట్లోనే కూర్చున్నాడు కూడా. మోకాళ్ల మీద వచ్చిన మా వాళ్లలో చివరి వరసలో, చాప చాటున ఉన్నాడు. నువ్వు క్షమించాను అన్నప్పుడు అంతమంది ఒక్కసారి ఊపిరి వదిలారన్నావే, అందులో ఎక్కువ ఊపిరి ఆయనదే.

ఇది మోసం కాదా అంటే, మోసమే. మనసు ఒప్పకపోతే ఇనప్పెట్టె తాళంచెవి నీ దగ్గరే ఉంది, పన్ను వెనక్కి ఇచ్చెయ్యి. మేమెవరం ఒక్క మాట అనం. కాగితం కోసమని మొహమాటపడకు. అది నీ కంచం కింద ఉంది, తీసి తేదీ చూసుకో. నీకు మొదటి ఉత్తరం రాసిన సోమవారమే సంతకం పెట్టాను. పెన్ను మూత తీశాక ఊరికే మళ్లీ పెట్టే అలవాటు నాకు లేదు. నీ ఉద్యోగానికీ దీనికీ ముడి లేదమ్మా. ఇక మిగిలింది నువ్వూ, ఎదురుగా ఉన్న ఆయనా.

ఆయన నీకేసి చూడడు, సముద్రం కేసి చూస్తుంటాడు. అది బింకం కాదు, భయం. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు. నువ్వు పిలిస్తే గానీ తినడు. బల్ల నీది, పిలవాల్సింది నువ్వే. మన ఊళ్లలో గుమ్మం ముందు పోయే పోలీసుని కూడా ఏమని పిలుస్తామో నీకు గుర్తుందిగా. ఆ రెండు ముక్కలు చాలు.

ఇట్లు,
నీ
సెరెమైయా తాత

తా.క. హెన్రిక్ మా ఇంట్లోనే ఉన్నాడు. చేమదుంప మూడోసారి వడ్డించుకున్నాడు. సోమవారం దాకా తనని ఎవరికీ చూపించవద్దని బతిమాలుతున్నాడు. మీ యజమానుల మనిషి అడిగితే, అతిథి ఏకాంతంలో ఉన్నాడని చెప్పు. మా ఇంట్లో పధ్నాలుగు మంది ఉన్నారు, వాళ్ల మధ్య అతన్ని ఎవరూ కనిపెట్టలేరు.

తా.క. మెరెసేనికి ఈ సంగతేమీ తెలియదు. ఆవిడ ఆ డెన్మార్కాయన కోసం నిజంగానే ఏడ్చింది. ఆవిడకి చెప్పకు. నా కంచం సంగతి నీకు తెలుసు.

తా.క. చేప అడుగున మీ అమ్మ పంపిన ఊరగాయ సీసా ఉంది. అది మీ నాన్నకి కూడా తెలియదు.

తా.క. బుట్ట మర్చిపోకు. ఈసారి ఎరోని చేత పంపకు. రేపు ప్రార్థనయ్యాక మా ఇంట్లోనే భోజనం, ఇద్దరూ చెరో చెవీ పట్టుకుని తీసుకురండి.